నడివాలులో ఆగిన కారు

నిన్న ద్వారకానగర్‌లో నిండు జనంతో వస్తున్న సిటీబస్సు కీచుమంటూ మా ముందు ఆగింది. కాలిన బ్రేకు వాసన గుప్పుమంటే పక్కవాళ్ళు ముక్కు మూసుకున్నారు గానీ నాకు మాత్రం ఒళ్ళంతా హుషారెక్కింది. కంచరపాలెంలో మా చిన్నప్పటి ఇంట్లో ఒక డిసెంబరంతా అది పండగ వాసన మరి.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. మా నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు. ఆయన ప్రాణమంతా ఒక పాత ఇంగ్లండు కారు మీద ఉండేది. దాని చక్రాలకు డ్రమ్ము బ్రేకులు, అంటే మూసిన డబ్బా లోపలినుంచి పట్టేవి. ఎండాకాలం మామిడిపళ్ళ బుట్టలతో, ముంజల గెలలతో ఎంత బరువెక్కినా బుద్ధిగానే నడిచే ఆ కారు, వానకు డబ్బాల్లోకి నీళ్ళు దిగాయా, ఇక తనకు తోచినచోటే ఆగేది. నాన్న బ్రేకు తొక్కితే వెనక సీట్లో మేమందరం కూడా కాళ్ళతో నేలను తొక్కేవాళ్ళం. అలా ఒక ముసురు రోజున ఫిషింగ్ హార్బరు దగ్గర పల్లంలో జారి జారి, వలల కుప్పలోకి మెత్తగా దూరిపోయాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వలలో చిక్కుకున్న నాయనమ్మను జాలర్లు నవ్వుతూ విడిపించారు. ఆ నవ్వును ఆవిడ జన్మలో క్షమించలేదు.

"సచ్చినా నానింక ఆ కారెక్కను," అంది.

చిక్కంతా అక్కడే వచ్చింది. నాన్న పసితనంలో విషజ్వరం నుంచి బతికి బయటపడ్డందుకు, ఏటా డిసెంబరు పండక్కి హార్బరు పక్క కొండమీది మేరీమాత గుడిలో కొవ్వొత్తి వెలిగిస్తానని నాయనమ్మ మొక్కుకుంది. కారింకా లేని కిందటేడు మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కలేక మొక్కు తప్పింది. ఇప్పుడు కారైతే కొండమీదిదాకా పోతుంది గానీ ఆవిడ ఎక్కనంది. ఈ ఏడూ తప్పితే కొడుక్కి ఏమవుతుందోనని బెంగపెట్టుకుని సరిగ్గా అన్నం కూడా తినేది కాదు.

వన్‌టౌన్‌లో షెడ్డున్న కరీం మామ నాన్నకు స్నేహితుడు. "బావా, ముందు సెక్రాలకి డిస్కులేసీద్దాం," అన్నాడు. ఓడ ఉద్యోగి ఎవరో వదిలేసి వెళ్ళిన కొత్తరకం కారు ఒకటి తుక్కు కిందికి వచ్చిందట, దాని డిస్కులు మా కారుకు సరిపోతాయట. ఇక చూడండి మా ఇంటి సంబరం. వాకిట్లో డ్రమ్ములు ఊడాయి, వాటి స్థానంలో డిస్కులు, అంటే నీళ్ళు నిలవని, తళతళలాడే ఇనుప పళ్ళేలు వచ్చాయి, గిన్నెను పటకారు పట్టినట్టు ఆ పళ్ళేన్ని రెండువైపులా పట్టే బిళ్ళలు వచ్చాయి. వంటింట్లో పండగ పిండివంట గులాబీపువ్వులు వేగుతున్న నూనె వాసన, వాకిట్లో పాత బ్రేకుల కాలిన వాసన, ఆయిలు వాసన కలిసి వీధంతా కమ్ముకున్నాయి. గొట్టాల్లోంచి గాలి తీసే పనిలో పెడలు తొక్కడానికి అమ్మ కూర్చుంది. కుట్టుమిషను అలవాటు కాబట్టి టకటకా తొక్కేసింది.

చక్రం దగ్గర పడుకున్న కరీం మామ, "సెల్లెమ్మా, జాకెట్టు కుడతన్నావేటి? తొక్కి అలాగే ఉంచు," అన్నాడు.

గొట్టం కొస ముంచిన ఆయిలు సీసాలో గాలిబుడగలు ఆగిపోగానే పిల్లలం గంతులేశాం. నాయనమ్మ మాత్రం బిందెడు నీళ్ళు తెచ్చి ఆ చక్రాల మీద గుమ్మరించి, వీధి చివర తన చేతికర్ర అడ్డంగా పడేసి, "ఇప్పుడాపు," అంది. నాన్న వేగంగా వచ్చి పాత అలవాటు కొద్దీ ఎక్కడో దూరాన్నే తొక్కేశాడు. కారు అక్కడే టక్కున నిలబడింది. కర్ర దాకా రానేలేదు. నాయనమ్మ తానే నడిచివెళ్ళి కారెక్కింది.

పండగరోజు మొక్కు తీరింది. కొండ దిగుతుంటే, నిటారుగా ఉన్న వాలు మధ్యలో, "ఆపరా," అందావిడ. అందరం బిగుసుకుపోయాం. కారు కదలకుండా నిలబడింది. కింద ఓడలు, పడవలు, ఎండకు మెరిసే నీళ్ళు. ఇన్నేళ్ళూ పడతానన్న భయంతో మెట్లను చూస్తూ దిగిన మనిషి, మొదటిసారి తలెత్తి చూసింది.

"ఆ పసుపుదేనేటి నీ క్రేను?"

"అదేనమ్మా."

"అంతెత్తునా కూకుంతావు?" అని కొడుకు తల నిమిరి, ఆనందం పట్టలేక ఏడ్చేసింది.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. కారు ఎప్పుడో తుక్కుకి పోయింది. మొన్న పండక్కి ఆటోలో కొండ దిగుతూ అక్కడే ఆపమన్నాను. "ఇక్కడేటుందమ్మా?" అన్నాడు ఆటో అబ్బాయి. ఆ పసుపు క్రేను కూడా లేదు. అయినా దిగి, అది ఉండే చోటు వేలితో చూపించి, మా నాన్న అక్కడ పనిచేసేవాడని చెప్పాను. అతను ఇంజను ఆపేసి, దిగొచ్చి, నా పక్కన నిలబడి చూశాడు.