పరిగెత్తే వార్తల్లో మా అన్న చావు

కంప్యూటర్లు మామూలు ఇళ్ళల్లోకి కూడా రావడం మొదలుపెట్టిన ఆ రోజుల్లో నాకు ఏళ్ళ లెక్కన యాభై దగ్గర పడుతున్నాయి గానీ, అక్షరాల లెక్కన చూస్తే నేనింకా చిన్నపిల్లనే. చిన్నపిల్లలు చేసే వెధవపనులన్నీ ఆ వయసులో చేశాను. కొత్తగా నడక వచ్చిన పిల్ల కనిపించిన గడపనల్లా ఎక్కి దిగినట్టు, కనిపించిన అక్షరాన్నల్లా చదివేదాన్ని. సబ్బు కాగితం, సిమెంటు బస్తా, సిటీ బస్సు బోర్డు, గోడ మీద ‘ఇచ్చట మూత్రము పోయరాదు’, ఏదీ వదల్లేదు. అదీ లోపల చదువుకునే రకం కాదు. పైకి, గట్టిగా, పదిమందికీ వినపడేట్టు చదవాలి. లేకపోతే నాకు చదువొచ్చని ఎవరికి తెలుస్తుంది? ఆ పిచ్చి నన్ను ఎక్కడిదాకా లాక్కెళ్ళిందో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తోచదు.

మాది చేపల మీద బతికే కుటుంబం. పుట్టిల్లు ఉయ్యూరు, మెట్టినిల్లు విజయవాడ భవానీపురం. ఊరూరా రాత్రి బడులు పెట్టిన కాలంలో మా వీధిలోనూ ఒకటి పెట్టారు. నలభై దాటాక పలక పట్టుకున్నాను. మా అన్న ఐదో తరగతిదాకా చదివాడు. ఆ ఐదు తరగతుల పుణ్యాన ఉయ్యూరులో మత్స్యకార సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఒకసారి ఆయన మా ఇంటికి వచ్చేసరికి నేను పలక ముందేసుకుని ‘క’ గుణింతం దిద్దుతున్నాను.

“ఏంటే ఇది? పొలుసులు గీకే చేత్తో పలక పట్టావా? ఈ వయసులో చదివి ఏ కలెక్టరు కుర్చీ ఎక్కుదామనే?”

“నువ్వు ఐదు చదివి ఏ కుర్చీ ఎక్కావు అన్నా? సంఘం ఆఫీసులో ప్లాస్టిక్ కుర్చీయేగా!”

(నా నోరు అంతే. అక్షరాలు లేనప్పుడూ బాగానే నడిచేది.) ఆయన కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు. “వేలిముద్రదానితో నాకు మాటలేంటి” అని చెప్పులేసుకున్నాడు. “నీ గుమ్మం తొక్కితే నన్ను ఇదే పలకతో కొట్టు” అని నేను వీధిదాకా వెళ్ళి మరీ అరిచాను. అంతే. పండగకి పిలుపు లేదు, జబ్బుకి పలకరింపు లేదు, ఏళ్ళు గడిచిపోయాయి. నేను మాత్రం ఆ ‘వేలిముద్ర’ అన్న మాట మీద కోపంతోనే ఒత్తులు కూడా నేర్చుకున్నాను.

మా రెండో అమ్మాయి ప్రెస్సులో శుభలేఖలు టైపు కొట్టేది. పని ఇంటికి కూడా తెచ్చుకోవచ్చని పాత కంప్యూటరు ఒకటి కొన్నది. దాంట్లో ఎవరో స్నేహితురాలు ఒక సాఫ్ట్‌వేర్ వేసి ఇచ్చింది. నెట్టు కలిపితే చాలు, తెర అడుగున సన్నటి పట్టీలో వార్తల హెడ్డింగులు కుడి నుంచి ఎడమకి వరసగా పరిగెత్తేవి. (టీవీలో కూడా అట్లాంటివి వచ్చేవి గానీ, మా ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ రిమోటు నా చేతికి రాదు.) నాకు అది తెగ నచ్చేసింది. నాకోసమే ఎవరో పరుగు పందెం పెట్టినట్టుండేది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, ఒక్కో అక్షరం పట్టుకునేదాన్ని. నేను రెండో మాట పట్టేలోపు నాలుగో మాట ఎడమ పక్కన గోడలోకి దూరినట్టు మాయమయ్యేది. మా అమ్మాయి ఒక్కటే షరతు పెట్టింది.

“అమ్మా, చూడు, చదువు, నీ ఇష్టం. మౌసు మాత్రం ముట్టుకోకు. నీచు వాసనొస్తే నాకు పని చెయ్యబుద్ధి కాదు.”

కొట్లో చేపలు కోసి వచ్చిన చేతులు కదా. ఎంత తోమినా వాసన పోదు. ఆ మాట న్యాయమే. కానీ ఆ మౌసు పట్టీ మీద పెడితే వార్త నిలబడిపోతుందని ఆ పిల్ల నాకు చెప్పలేదు, ముట్టుకోనిదాన్ని కనక నాకూ తెలియలేదు.

నా వార్తలకి ఒక శ్రోత కూడా ఉండేది. పక్కింట్లో పరుపులు కుట్టే సాయిబుగారి భార్య. వీధి వీధంతా ఆమెని ఖాలా అనే పిలిచేది. మధ్యాహ్నం వంటయ్యాక మా గుమ్మంలో చతికిలపడి, “అక్కా, ఇయ్యాల లోకంలో ఏం జరిగింది?” అనేది. నేను గొంతు సవరించుకుని చదివేదాన్ని. అర్థమైనా కాకపోయినా “యా అల్లా” అని గుండె మీద చెయ్యేసుకునేది. అంతకన్నా ఏం కావాలి చదివేవాళ్ళకి?

ఆ రోజు మా ఆయన చేపల లోడు కోసం కైకలూరు వెళ్ళాడు. మా అమ్మాయి ఏవో కొత్త ఫాంట్లు దిగుతున్నాయని నెట్టు అట్లాగే ఉంచి, ముట్టుకోవద్దని మళ్ళీ చెప్పి ప్రెస్సుకి వెళ్ళింది. నేను, ఖాలా కూర్చున్నాం. పట్టీలో ‘మత్స్యకార సంఘం’ అని వచ్చింది. ఆ మాట నాకు కూడబలుక్కోనక్కర్లేదు. మా అన్న ఆఫీసు బోర్డు మీద చూసి చూసి బొమ్మలా గుర్తు. ప్రాణం లేచొచ్చింది. వెనకాలే ‘అధ్యక్షుడికి’ అని వచ్చింది. అందులో ఒత్తుల దగ్గర నేను ఇరుక్కున్నాను. ‘ధ’ కింద ఒకటి, ‘క’ కింద ఒకటి, వాటిని విడదీసి, కలిపి, నోట్లో పట్టించి తల ఎత్తేసరికి నా ముందు నుంచి వెళుతున్న మాటలు: ‘గుండెపోటుతో మృతి’.

“మత్స్యకార సంఘం అధ్యక్షుడికి... గుండెపోటుతో మృతి” అని పైకే చదివాను. చదివాక గానీ ఏం చదివానో అర్థం కాలేదు.

“ఎవరక్కా?” అంది ఖాలా.

“మా అన్నే!”

లోకంలో ఇంకొక మత్స్యకార సంఘం ఉంటుందనీ, దానికీ ఒక అధ్యక్షుడుంటాడనీ నాకు తట్టలేదు. ఖాలాకి మాత్రం బుద్ధుంది. “ఫోన్ చేసి కనుక్కుందాం అక్కా” అని రిసీవరెత్తింది. ఆ రోజుల్లో నెట్టు కూడా ఫోను తీగ మీదే నడిచేది కదా, కీచుమని చెవిలో అరిచింది. “చూశావా, ఫోన్ కూడా ఏడుస్తోంది” అని నేను జుట్టు ముడేసుకుని ఉయ్యూరు బయల్దేరాను. ఖాలా బురఖా తగిలించుకుని వెంటబడింది. దారిలో బంతిపూల దండ కొన్నాం. బస్సులో నా ఏడుపు చూసి కండక్టరు లేచి తన సీటిచ్చాడు. కంకిపాడు దాటేసరికి బస్సు సగం మా అన్న మంచితనం గురించి మాట్లాడుకుంటోంది. నేను చెబుతున్నాను, వాళ్ళు వింటున్నారు. బతికుండగా ఆయన గురించి అన్ని మంచి మాటలు నేను ఎప్పుడూ అనలేదు.

మా వాళ్ళలో ఒక పద్ధతుంది. చావింటికి వెళ్ళే ఆడది వీధి మొగలోనే శోకం ఎత్తుకోవాలి. అది విన్న ఆడవాళ్ళు ముందు వచ్చి కావిలించుకుని ఏడవాలి. ఎవరికేమైందని అడగడం తర్వాత. అడిగి ఏడిస్తే అది ఏడుపు కాదు, విచారణ. నేను మొగలోనే ఎత్తుకున్నాను. “వదినో... మన ఇంటి దీపం కొండెక్కిందే వదినో...” లోపల బియ్యం చెరుగుతున్న మా వదిన చాట పడేసి పరిగెత్తుకొచ్చి, “అమ్మో, అమ్మాయ్, ఎంత పనయిందే” అని నన్ను వాటేసుకుని నాకన్నా పెద్దగా ఏడ్చింది. మొహాన బొట్టుంది, చేతుల నిండా గాజులున్నాయి. ఇంకా తియ్యలేదు కాబోలు అని నాకు ఇంకా దుఃఖం పొర్లింది. ఇరుగుపొరుగు చేరారు, వాళ్ళూ అందుకున్నారు. అప్పుడు నా వెనక ఒక మగ గొంతు బావురుమంది.

“బావా! నిన్ను కడసారి చూసుకోలేకపోతినే బావా! కోపంలో ఏదో అన్నాననుకో, ఇంత శిక్ష వేస్తావా బావా!”

తిరిగి చూశాను. మా అన్న. సగం గడ్డానికి సబ్బు నురగ, మెడలో తువ్వాలు, కళ్ళ వెంట నీళ్ళు. ఇన్నేళ్ళ తర్వాత నేను ఏడుస్తూ గుమ్మం తొక్కేసరికి పోయింది మా ఆయనే అనుకున్నాడు. వదినా అదే అనుకుంది. ఇద్దరూ నా మొగుడి కోసం ఏడుస్తుంటే, నేను ఆమె మొగుడి కోసం ఏడుస్తున్నాను. నేను నోరు మూసుకున్నాను. ఒక్కొక్కరే ఆగారు. ఆ నిశ్శబ్దంలో ఖాలా అడిగింది, “అక్కా, ఈ దండ ఎక్కడ పెట్టను?”

తర్వాతి సంగతి వివరంగా చెప్పే ఓపిక నాకు లేదు. “నేను పొయ్యానని నీకు ఎవడు చెప్పాడే?” అన్నాడు అన్న.

“ఎవరూ చెప్పలా. కంప్యూటర్లో చదివాను.”

“చదివావా? నువ్వా?”

ఆ ‘నువ్వా’ అన్నచోట నేను మొండికేశాను. అన్న ఎదురుగా నిక్షేపంలా నిలబడి ఉన్నాడు. ఆయన్ని పట్టుకుని ‘బతికావురా దేవుడా’ అనాలి. ‘తప్పు చదివానన్నా’ అంటే చాలు, అందరూ నవ్వుకుని ఇళ్ళకి పోతారు. కానీ ఆ మాట అంటే ‘వేలిముద్ర’ నిజమైపోతుంది. అందుకని నేనేమన్నానో తెలుసా? “నా కళ్ళతో చదివాను. పడింది. అధ్యక్షుడికి గుండెపోటుతో మృతి అని ఉంది” అని దబాయించాను. మా అన్న బతికున్నందుకు సంతోషించాల్సింది పోయి, నా చదువు నిలబడటం కోసం ఆయన్ని చావు వైపుకే నెట్టాను. నేను సిగ్గుపడేది దండ గురించి కాదండీ, బస్సు గురించీ కాదు. దీని గురించి.

ఆయన ముఖంలో మాత్రం వేరే రంగు వచ్చింది. “కంప్యూటర్లో వేశారా? నన్నా?” అని వీధి వైపు చూశాడు. “బతికున్నోణ్ణి పోయాడంటే ఆయుష్షు పెరుగుద్దిలే ప్రెసిడెంటుగారూ” అన్నారెవరో. “పెరిగితే పెరిగింది. అసలు ఏమని వేశారో చూడాలిగా” అని లోపలికెళ్ళి మిగతా సగం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. తన చావు వార్త చూడటానికి పెళ్ళికి వెళ్ళినట్టు తయారైన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన దర్జాగా కూర్చుంటే, నేను పట్టీలోని ఆ వార్త ఈపాటికి పోయుండాలని దేవుళ్ళందరికీ దండాలు పెట్టుకుంటూ వచ్చాను.

పోలేదు. మా అమ్మాయి ప్రెస్సు నుంచి వచ్చి కూర్చునుంది. సంగతి విని, నవ్వు ఆపుకుంటూ మౌసు కదిపింది. పట్టీ టక్కున నిలబడిపోయింది. నా గుండె కూడా.

“అమ్మా, ఇవి రెండు వార్తలు. ‘మత్స్యకార సంఘం అధ్యక్షుడికి ఘన సన్మానం’ అని ఒకటి. ఇదుగో, మధ్యలో చుక్క చూశావా? దీని తర్వాత ఇంకోటి. ‘సీనియర్ రంగస్థల నటుడు గుండెపోటుతో మృతి’.”

చుక్కలు చూడాలని రాత్రి బడిలో నాకెవరూ చెప్పలేదు.

“మరి సన్మానం నాకే కదమ్మా?” అన్నాడు అన్న ఆశగా. అమ్మాయి దాన్ని నొక్కితే ఫోటో వచ్చింది. శ్రీకాకుళం వైపు ఎవరో పెద్దమనిషి, భుజాల మీద ఎర్రంచు శాలువా. మా అన్న ఆ ఫోటోని చాలాసేపు చూశాడు. చావనందుకు కాదు గానీ, పేరు పడనందుకు ముఖం చిన్నబోయింది. “శాలువా బాగుంది” అన్నాడు చివరికి.

నేను తల దించుకుని కూర్చున్నాను. ఇప్పుడు అంటాడు, ఇంకో క్షణంలో అంటాడు, ఖాలా ముందు, కన్నకూతురి ముందు ఆ మాట అంటాడు. అననీ, అనిపించుకునే పనే చేశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“ఆ ఎలకని తియ్యమ్మా. మళ్ళీ పరిగెత్తనీ.”

పట్టీ కదిలింది. మా అన్న అద్దం మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ మొదలుపెట్టాడు. రెండో మాట దగ్గర ఆగిపోయాడు. వార్త జారిపోయింది. ఇంకోటి వచ్చింది, అదీ జారిపోయింది. మళ్ళీ ‘అధ్యక్షుడికి’ వచ్చినప్పుడు చూశాను. ఆయన వేలు సరిగ్గా నేను ఇరుక్కున్న ఒత్తు దగ్గరే ఇరుక్కుంది. సంఘం కాగితాలు సెక్రటరీ చదివి వినిపిస్తాడని, ఈయన కింద సంతకం పెడతాడని మా వదిన ఎప్పుడో అన్న మాటకి అప్పుడు అర్థం తెలిసింది. నేను చూశానని ఆయనకీ తెలిసింది. తల తిప్పలేదు.

“ఏమేవ్” అన్నాడు. “ఇది ఒక్కళ్ళ వల్ల అయ్యేది కాదు. నువ్వు ఆ కొస పట్టు. నేను ఈ కొస పడతా.”

చిన్నప్పుడు కాలవలో వల లాగడానికి మా నాన్న మా ఇద్దరినీ రెండు కొసలకి నిలబెట్టేవాడు. అదే మాట, అదే గొంతు. నేను చీర కొంగుతో ముక్కు తుడుచుకుని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. వార్త మొదలు నేను చదవాలి, వెనక సగం ఆయన అందుకోవాలి. నేను “కృష్ణా కాలవలకు నీరు వదిలిన...” అని గుక్క తిప్పుకునేలోపు, ఆయన “...క్రికెట్ జట్టు కెప్టెన్!” అని ముగించాడు.

“మంచి పని చేశాడు అబ్బాయి” అంది ఖాలా, గుండె మీద చెయ్యేసుకుని.

మా అమ్మాయి మౌసు మీద చెయ్యి పెట్టబోయి, ఎందుకో తీసేసి టీ పెట్టడానికి లోపలికి పోయింది. చీకటి పడేదాకా మేమిద్దరం చదువుతూనే ఉన్నాం. ఆ సాయంత్రం మేము చదివిన వార్తల్లో ఒక్కటి కూడా ఈ భూమ్మీద జరిగి ఉండదు.

ఇప్పుడు నా చేతిలో ఫోనుంది. వార్తలు వాటంతట అవి పరిగెత్తవు, నేను జరిపితేనే జరుగుతాయి. చుక్కలు చూసుకుని, ఒత్తులు పలుక్కుని, తప్పు లేకుండా, లోపలే చదువుకుంటాను. ఎవరూ నవ్వరు. ఎప్పుడైనా మధ్యాహ్నం పూట ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రం, హెడ్డింగు సగందాకా పైకి చదివి, గుక్క తిప్పుకోవడానికన్నట్టు కాసేపు ఆగుతాను. పిచ్చిదాన్ని కదా, మిగతా సగం ఎవరైనా అందుకుంటారేమోనని.