తొమ్మిదో పోగు

నిన్న నా కత్తెర చేసిన ఘనకార్యం వింటే, ఇకమీదట మీరెవరూ నన్ను మీ చీర చెంగు కూడా ముట్టుకోనివ్వరు! నవ్వుకోండి, ఫర్వాలేదు. నేనూ ఇవాళే నవ్వగలుగుతున్నాను.

నా పని మీకు తెలుసుగా. బతుకుతెరువుకు మేం వలసొచ్చిన ఈ నవాగామ్‌లో మా ఇంటికి మార్కెట్ నుంచి చీరల పార్సల్ వస్తుంది. వెనకవైపు వేలాడే పోగులన్నీ కత్తిరించి ఇస్తాను. దాగా కటింగ్! ఏళ్ల తరబడి ఇదే పని కావడంతో పోగు కనిపిస్తే చాలు, నా చెయ్యి ఊరుకోదు. ఒకసారి బస్సులో ముందు సీటామె దుపట్టా పోగు కూడా కత్తిరించేశాను, ఆమెకు తెలియకుండా!

మా మామయ్య, అంటే మా ఆయన నాన్న, రిటైర్డ్ ఫౌజీ. పడుచు వయసులో శ్రీలంక అడవుల్లో యుద్ధానికి వెళ్లొచ్చాడు. ఆయన ట్రంకుపెట్టెలో ఒక పాత ఆకుపచ్చ గుడ్డ ఉంటుంది. నిన్న పొద్దున దాన్ని వరండాలో ఎండకు వేసి నడకకు వెళ్లాడు. నేను చూశాను. అంచు పొడుగునా పోగులు! పాపం పెద్దాయన, కాస్త బాగుచేసి పెడదామనుకున్నా. టక్ టక్ టక్. తొమ్మిది పోగులు, ముడులతో సహా, పోగుల సంచిలోకి. పైగా ఇస్త్రీ కూడా చేశాను. ఇస్త్రీ!

మామయ్య వచ్చాడు. గుడ్డ అంచును వేళ్లతో తడిమాడు. మళ్లీ తడిమాడు.

"పోగులేవి బిడ్డా?"

"కట్ చేసిన మామా! ఎంత నీట్‌గ ఉన్నదో చూడు!"

ఆయన అరవలేదు. స్టూలు మీద కూలబడ్డాడు. అరిచినా బాగుండేది.

అప్పుడు చెప్పాడు. అడవిలో వాన, మబ్బు. మూడు రోజులు రేషన్ హెలికాప్టర్ రాలేదు. తొమ్మిది మందికి ఒక్క బిస్కెట్ ప్యాకెట్. నాలుగో రోజు పైనుంచి మూట జారవిడిస్తే చెట్లల్లో ఎక్కడో పడింది. జలగలు పీక్కుంటూ పూటంతా వెతికారట. దొరికిన శకర్‌పారాలు, ఆ తీపి మైదా బిళ్లలు, తింటూ ఏడ్చారట, తొమ్మిది మందీ.

"పాత పోగుకు కొత్త పోగు అతికితె నేత ఆగదు గద బిడ్డా. మా రేషన్ గూడ అట్లనే ఆగొద్దని, అందరియి ఒక్కొక్క పోగు తీస్కొని ఆ మూట కట్టొచ్చిన గీ గుడ్డకు నేనే ముడేసిన."

నేత ఇంటి మనిషి మరి, అడవిలో కూడా మగ్గమే గుర్తొచ్చింది!

ఎనిమిది పోగులు యూనిఫారాలవి. తోటి ఫౌజీ రాజయ్యది మాత్రం ఎర్రది. కడుపుతో ఉన్న భార్య ఆయన మణికట్టుకు కట్టి పంపిన దారంలోది. రాజయ్య ఆ అడవి నుంచి తిరిగి రాలేదు.

"ఆయన బిడ్డ సుజాత వాపి నుంచి నాలుగింటికి వస్తున్నది. నాయిన మొకం సుత చూడలె ఆ పిల్ల. గా పోగు ఒక్కసారి ముట్టుకుంటనన్నది."

టైం పదకొండు.

సంచి బోర్లించాను. పచ్చ పోగులు ఎనిమిదీ అరగంటలో దొరికాయి. ఎర్రదేదీ? ఈ వారం పార్సల్ ఏ రంగో చెప్పుకోండి. ఎరుపు! పెళ్లి చీరలు, అన్నీ ఎరుపే!

మామయ్య లేచి సుద్దముక్కతో నేల మీద గళ్లు గీశాడు. "అడవిల మూటను గిట్లనే దేవులాడినం. నీ గడి నువ్వు జూడు, నా గడి నేను జూస్త. గడి దాటొద్దు."

నేను కంగారులో దాటాను. "వాపస్ పో!" అన్నాడు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మా ఆయన లూమ్ నుంచి అన్నానికొచ్చి, "ఏంది, అన్నం లేదా?" అని సంగతి విని, నోరు మూసుకుని తనూ ఒక గడిలో కూర్చున్నాడు.

"నన్ను తిట్టు మామా" అన్నాను.

"తిడితె దొరుకుతదా? నా గుడ్డ మంచిగ జెయ్యాల్ననుకున్నవు. గది నాకు తెల్వదా?"

దాంతో నా కళ్లకు పోగులే కనపడలేదు.

నాలుగైంది. సుజాతక్క వచ్చింది. నాకంటే పెద్దదే, చెంపల దగ్గర జుట్టు నెరిసింది. గడపలోనే నిజం చెప్పేశాను. "తప్పైంది అక్కా, మీ నాయిన పోగు నేనే కత్తిరించిన!" ఆమె భుజం మీద పడి బోరుమన్నాను.

"ఊకో చెల్లె, ఊకో..." అంటూ నా వీపు నిమురుతోంది. "అగో, నీ జడకు దారం అంటింది." పీకి బయటికి విసరబోయింది.

"పారెయ్యకు!" మామయ్య కేక. అసలైన ఫౌజీ కేక! పక్కింటివాళ్లు తలుపులు తీశారు.

వెలిసిపోయిన ఎరుపు. కొసన ఆయన వేసిన ముడి. ఐదు గంటలు నేలంతా గాలిస్తే, అది నా జడకే వేలాడుతోంది!

సుజాతక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. బుగ్గకు ఆనించుకుంది. "అమ్మ కట్టిందే" అంది. మామయ్య ఆమె తల మీద చెయ్యి వేశాడు.

ఇక గుడ్డకు మళ్లీ ముడెయ్యాలి. మామయ్య గుడ్డను నేల మీద పరిచాడు.

"నేను ముడెయ్యనా?" అన్నాను ఆశగా.

"నువ్వొద్దు!" ముగ్గురూ ఒక్కసారే అన్నారు.

మామయ్య చూపిస్తుంటే సుజాతక్కే ముడేసింది. నన్ను చాయ్ పెట్టమన్నారు. మా ఆయన నా వెనకే వంటింట్లోకి వచ్చి, ఇంట్లో ఉన్న కత్తెరలన్నీ ఏరి బీరువాలో పెట్టి తాళం వేశాడు. పాల ప్యాకెట్ పళ్లతో చింపాను!