కోర్టులో పిలిచిన పేరు

పలాస జీడిపప్పు బట్టీలో పనిచేసే దమయంతిని నేను మారుమనువు చేసుకుని అప్పటికి ఏడాది దాటింది. ఆమె మొదటి భర్త జోగారావు కిడ్నీ జబ్బుతో పోయాడు. అతని వైద్యానికి ఇద్దరూ నోటు రాసి తెచ్చిన బాకీ మీద షావుకారు దావా వేశాడు. దమయంతి తన కూలి డబ్బులన్నీ దానికే దాచేది. పోయినవాడి మీద ఇంకా అంత ప్రేమా అని నేను లోలోపల కుళ్లిపోయేవాణ్ణి.

ఒక వాయిదాకి టెక్కలి కోర్టుకి నేనూ వెళ్లాను. తోడుగా కాదు, అనుమానంతో.

"లేటు జోగారావు భార్య దమయంతీ!" అని బంట్రోతు కేక వేశాడు. ఆమె లేచింది. నాకు ఒళ్లు మండింది.

"ఆవిడ నా భార్య!" అని అరిచేశాను.

హాలంతా ఘొల్లున నవ్వింది. జడ్జిగారు తలెత్తి చూశారు. బయటికి రాగానే షావుకారు, "పెళ్లాం నీదైతే బాకీ కూడా నీదే కదేటి బావా? కట్టీ మరి!" అన్నాడు. నేను తల దించుకుని బస్సెక్కాను.

బస్సులో దమయంతి మెల్లగా అంది. "సచ్చినోడి మీద కుళ్లేటి మావా? ఆడి పేరు మీద బాకీ ఉంచనని పోయేముందు ఆడికి మాటిచ్చినాను. రేపు నీకేటైనా అయితే నీ కోసమూ ఇలాగే నిలబడతాను."

అలాంటి మనిషి నా ఇంటికి వచ్చినందుకు గర్వపడాల్సింది పోయి, నేను ఇన్నాళ్లూ కుళ్లి చచ్చాను.

తర్వాతి వాయిదాకి బంట్రోతు మళ్లీ అలాగే పిలిచాడు. నా తోటలో జీడిపిక్కలు అమ్మిన డబ్బు ఆ బాకీకని జేబులో పెట్టుకుని, ఈసారి ఆమెతోపాటు నేనూ లేచాను.