శబ్దం లేని శుక్రవారం

పక్కింటి టీచరమ్మ పోయారని పాల అంగడి ఆయన చెప్పినప్పుడు కూడా నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రం మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు వలిచిన మనిషి! వెళ్లి, వాకిట్లో అంతమంది చెప్పులు చూశాకే ఏడ్చాను. నమ్మకపోవడం నా పుట్టుబుద్ధి. అందరూ తిట్టే ఆ బుద్ధికి ఆమె ఒక పని ఇచ్చారు.

మేం చిత్తూరు వైపు నుంచి ఫ్యాక్టరీ పనికి రాష్ట్రం దాటి హోసూరు వచ్చి, సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర జూజువాడిలో ఉంటున్నాం. రెండో తరగతి చదివే మా పాప తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే నోరు తెరవదు. వాళ్ల బడిలో తెలుగు లేదు. మా అమ్మ నాకు దిద్దించిన అక్షరాలు నాతోనే ఆగిపోతాయేమోనని భయంగా ఉండేది.

రిటైరైన టీచరమ్మ వీధి పిల్లలకు ఊరికే తెలుగు చెబుతానన్నారు. ఊరికే! ఈ కాలంలో ఊరికే చెప్పేవాళ్లెవరు? పైగా పుస్తకం లేదు, ఒక టాబ్లెట్టు. పిల్లలు దాని మీద వేలితో బొమ్మ గీయాలి, కింద రెండు వాక్యాలు రాయాలి, తమ గొంతుతో చదివి రికార్డు చేయాలి. మా పాప చెక్‌పోస్టు దాటిన మేకపిల్ల కథ చేసింది. ఈ గొంతులన్నీ ఎవరికి పంపుతున్నారోనని వారం రోజులు కిటికీలోంచి కాపలా కాశాను. ఏమీ దొరకలేదు.

ఒకటి మాత్రం తర్వాత దొరికింది. పాప టాబ్లెట్టు ఇంటికి తెచ్చి తన కథ గడగడా చదువుతుంటే, నేను శబ్దం ఆపి రెండు పేజీలు ఒకేసారి తిప్పాను. తెర మీద మేక లారీ ఎక్కేసింది. పాప నోట్లో మాత్రం అది ఇంకా గడ్డి మేస్తోంది! తన గొంతు తానే విని విని బట్టీ పట్టేసింది.

కోపంతో ఊగిపోతూ పాపను వెంటబెట్టుకుని టీచరమ్మ దగ్గరికి వెళ్లాను. "చూడండి మీ టాబ్లెట్టు చదువు!"

ఆమె కళ్లద్దాలు పైకి తోసుకుని పాపను ఇంకోసారి చదివించారు. ఆమె ముఖం చిన్నబోయింది. కాసేపటికి నవ్వేశారు.

"నువ్వు పట్టినావు, నేను పట్టలేదే! నన్ను నమ్మొద్దమ్మా, ఈ టాబ్లెట్టునూ నమ్మొద్దు. పాప కండ్లు యాడ ఉండాయో చూడు."

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం పద్ధతి మార్చారు. ఒకరు చేసిన కథ ఇంకొకరికి ఇచ్చి, శబ్దం ఆపి చదివించేవారు. "పేజీలు తిప్పేది నీ పని, అనుమానమ్మా. ఈడ కూర్చో" అనేవారు నాతో. పాప అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివేది. పక్క పిల్ల అందిస్తోందని అప్పుడూ నా అనుమానం. ఆమెకు ఒక్కసారైనా దండం పెట్టానా? లేదు.

ఆమె పదో రోజు కర్మ అయ్యాక వాళ్ల తమ్ముడు టాబ్లెట్టు తెచ్చిచ్చాడు. "అక్క పిల్లోళ్లకి పెట్టుకున్నది కదమ్మా. మీ ఇంట్లోనే ఉండనీ."

అందులో వచ్చే శుక్రవారానికని ఆమె చేసిపెట్టిన కొత్త కథ ఉంది. పేరు 'అనుమానమ్మ కథ'. వంకరటింకర గీతల్లో ఒక ఆడమనిషి సంతలో ప్రతి బెండకాయ కొనా విరిచి చూస్తోంది. నేనే!

పాప చదవడం మొదలుపెట్టింది. "బెం... డ... కాయ..." మెల్లగానే, కానీ ఎక్కడా ఆగిపోలేదు. ఇది ముందే ఎప్పుడో వినేసి ఉంటుందనుకున్నాను. తెర మీద గొంతు వినిపించే గుర్తు నొక్కాను. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాను. టీచరమ్మ అందులో తన గొంతు పెట్టనే లేదు.

"అమ్మా, చెయ్యి తియ్. అక్షరాలు కనిపించడం లేదు."

పాప నా వేలు పక్కకు నెట్టి, మొదటి నుంచి చదివింది.