చెవిలో చెప్పే తూకం

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా చిన్నమ్మ పోయిందని ఫోను వచ్చింది. కొడకండ్ల పక్క పల్లెలో ఆమె అంగన్‌వాడీ టీచరు. బయ్యారంలో చుట్టాల పెండ్లికి పోతే అక్కడే ఆయాసం వచ్చింది. దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది. ఊరికి తెచ్చాక, పాడె ఎత్తేటప్పుడు ఒకడు భుజం మార్చుకుంటూ, "గిది నలుగురితోని అయ్యే పని కాదే" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. ఆ నవ్వంటే ఇప్పటికీ నాకు రోత.

నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. నెలనెలా దూలానికి కట్టిన తూకం ఉయ్యాలలో పిల్లలను కూర్చోబెట్టేది. ఎంత తూగారో పైకి అనేది కాదు. తల్లిని పిలిచి చెవిలో చెప్పి, పుస్తకంలో రాసుకునేది. ఎందుకట్లా అని అడిగితే, "పోరల బరువు ఊరందరికెందుకే? ఇనాల్సింది వాళ్లమ్మ" అన్నది.

ఆ మర్యాద ఊరు ఆమెకు ఒక్కనాడూ ఇవ్వలేదు. బస్సెక్కితే చాలు, "రెండు టికెట్లు తీస్కో టీచరమ్మా" అని ఎవడో ఒకడు అరిచేవాడు. ఛాతీలో పిల్లికూతలు బయటికి వినబడుతుంటే, "తినుడు తగ్గియ్యి" అని ప్రతివాడూ వైద్యం చెప్పేవాడు.

చివరికి నేనే జనగామలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఓపికగా చెప్పాడు. "ఒళ్లు ఎక్కువుంటే ఆస్తమా వచ్చే అవకాశం పెరుగుతది. ఉన్నది ఇంక ముదురుతది. అట్లని లావున్నోళ్లందరికి రాదు, సన్నగున్నోళ్లకు రాకుండ పోదు. బరువు మెల్లగ తగ్గించుకో అమ్మా. గని ఈ ఇన్‌హేలర్ పంపు మాత్రం రోజు నోట్లె పెట్టుకొని పీల్చాలె. ఎటు పోయినా ఎంట ఉండాలె."

ఇంటికొచ్చాక "ఏమన్నడు?" అని అందరూ చుట్టూ చేరారు. "లావు తగ్గాలన్నడు" అన్నాను. పంపు సంగతి నా నోట రాలేదు. లావే ఆమె తప్పని నేనూ నమ్మాను కాబట్టి. రోత అంటే నాకు ముందు నా మీదే.

ఇక అందరూ మొదలుపెట్టారు. పత్తి ఏరే రోజుల్లో, లారీలు లేపే దుమ్ములో ఆమెను నడిపించారు. బంతిలో అన్నం వడ్డిస్తూ మా అన్న ఆమె దగ్గరికి రాగానే దాటేసి పోయేవాడు. ఆమె నవ్వి, "నా ఊపిరి ఇస్తార్ల లేదురా కొడుకా, ఛాతిల ఉన్నది" అనేది. ఆమె పంపు పీల్చడం చూసి, అలవాటైతే అది వదలదని మా అమ్మ రోజూ భయపెట్టేది.

బయ్యారం పెండ్లికి బయల్దేరుతూ ఆమె పంపును సంచిలో పెట్టుకుంది. మా చెల్లెలికి సంబంధాలు చూస్తున్న రోజులవి. "జర గది తీసెయ్యి చిన్నమ్మా. పదిమందిల నోట్లె పెట్టుకుంటే, దమ్ము రోగం మన ఇంట్లనే ఉన్నదనుకుంటరు" అన్నాను. ఆమె సంచి విప్పింది. పంపు తీసి పెట్టెలో చీరల కింద పెట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను.

పదకొండో రోజు భోజనాల్లో మా అన్న మూడోసారి మాంసం వేయించుకుంటూ, "తినే పోయింది పాపం" అన్నాడు. ఛీ అనిపించింది. "తిని కాదు, పంపు లేక పోయింది. తీయించింది నేను" అని బంతి మధ్యలో నిలబడి చెప్పాను. డాక్టరు మాటలన్నీ అప్పుడు చెప్పాను. ఒక్క నిమిషం చేతులు ఆగాయి. తర్వాత మళ్లీ తిన్నారు.

మొన్న ఆమె సామాను తెచ్చుకుందామని అంగన్‌వాడీకి పోయాను. కొత్తగా వచ్చిన టీచరు ఒక పాపను ఉయ్యాలలో కూర్చోబెట్టి, ముల్లు చూసి, అంకె అందరికీ వినబడేలా చదివింది. పాప తల్లి అప్పటికే పక్కకు వచ్చి, కొంగు చెవి వెనక్కి సర్దుకుని, వంగి నిలబడి ఉంది.