సీసం సంచిలో నా ఫోటో

మొన్న ఓర్వకల్లు విమానాశ్రయంలో సామాన్లు ఎక్స్‌రే మిషన్‌లోకి పోతుంటే, మామ పర్సులోంచి పాత పాస్‌పోర్టు సైజు ఫోటో తీసి పిడికిట్లో దాచుకున్నాడు. అది పదేళ్ల వయసప్పటి నేను.

ఇరవై ఏళ్ల కిందటి వేసవిలో మామ కువైట్ నుంచి కెమెరా తెచ్చాడు. రీలు నిండా మా పెద్దమ్మ కొడుకు శీనుగాడే. కొత్త సైకిలెక్కి వాడు నవ్వితే పళ్లు కడప దాకా కనిపించేవి. నాది ఒక్కటే ఫోటో, అదీ కళ్లు మూసుకుని. నా కడుపుమంటకు ఆ ఏడు ఎండలే చల్లగా ఉన్నాయి.

తిరుగు ప్రయాణానికి మామ రీలును బరువైన సంచిలో పెట్టాడు.

"ఏంది మామా అది?"

"సీసం సంచిరా అల్లుడా. ఎక్స్‌రే తగిల్తే బొమ్మలు చెడిపోతాయి. కువైట్‌కు పోయి కడిగిస్తా."

ఎక్స్‌రే అంటే నాకు తెలిసింది మా అవ్వ విరిగిన చేతి ఎముకలే. శీనుగాడు సైకిలెక్కిన అస్థిపంజరమై తిరిగొస్తాడని మురిసిపోయాను. ఎవరూ చూడకుండా రీలు తీసి, మిషన్‌లోకి పోయే పెద్దపెట్టె అడుగున మామిడి తాండ్ర కిందికి తోశాను. నేనొక్కడినే బాగుండాలని నా బడి ఫోటోను సంచిలో పెట్టాను.

నెలకు మామ ఫోన్ చేశాడు. రీలంతా పొగపట్టినట్టు తెల్లబోయిందట. శీనుగాడు అన్నం మానేసి ఏడ్చాడు.

"రీలు నేనే మతిమరుపుతో పెట్టెలో ఏసినట్టుండా. పోతే పోనీ. అల్లుడు సూడు, నాతోపాటు ఉండాలని ఫోటో దాచి పంపినాడు!" అన్నాడు మామ.

"కాగితం ఫోటోకు ఏమీ కాదు మామా, మిషన్‌లో పెట్టు" అన్నాను మొన్న.

"నువ్వు సీసం సంచిలో పెట్టి పంపితివి. నేనెట్ల పెడతానప్పా?"

ఊరంతటికీ కోతలు కోసే నాకు, ఆ ఒక్క నిజం చెప్పడానికి నోరు రాలేదు.