మల్లయ్యకు ఇచ్చిన రెండు నెలల గోళీలు

2017 ఫిబ్రవరిలో నన్ను నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఫార్మసిస్టుగా బదిలీ చేశారు. ఊరి పేరు రాయడం లేదు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు పూర్తయింది. పదవీ విరమణకు మూడేళ్లు మిగిలి ఉన్నాయి.

ఆ కేంద్రానికి మా సొంత ఊరు ఎనిమిది కిలోమీటర్లు. మా తాత ఆ ఊరి మాలీ పటేలు, అంటే శిస్తు వసూలు చేసే గ్రామాధికారి. తరువాత ఆ పదవులు రద్దయ్యాయి. భూమి కొంత పంపకాల్లో, కొంత కోర్టుల్లో పోయింది. ఇల్లు ఒక పక్క నుంచి కూలుతూ వచ్చి చివరికి గోడలే మిగిలాయి. నా దాకా వచ్చింది ఇంటి పేరు, దానితోపాటు "పటేలా" అనే పిలుపు. ఆ పిలుపును నేను ఎవరినీ అడగలేదు. పిలిచినవారిని వద్దనీ అనలేదు. జరిగినదానిలో ఆ పిలుపుకు భాగం ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

కేంద్రంలో పద్ధతి ఇది. రోగిని మెడికల్ ఆఫీసరు చూసి ఓపీ చీటీ మీద మందు, మోతాదు, ఎన్ని రోజులో రాస్తారు. ఆ చీటీ నా కిటికీ దగ్గరికి వస్తుంది. రాసినన్ని లెక్కపెట్టి ఇచ్చి, ఎట్లా వేసుకోవాలో చెప్పడం ఫార్మసిస్టు పని. రాసినదానికి ఒక్క గోళీ కూడా ఎక్కువ ఇచ్చే అధికారం నాకు లేదు.

ఆ ప్రాంతంలో కిటికీ దగ్గరికి వచ్చే చీటీల్లో సగానికి సగం నొప్పులవే. ఏళ్ల తరబడి ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్లు తాగినవాళ్లు. తరువాత కృష్ణా నీళ్లు వచ్చాయి గాని, అప్పటికే గట్టిపడిన ఎముకలు మెత్తబడవు. నడుము వంగదు, మెడ తిరగదు, మోకాలు మడతపడదు. వాళ్లకు ఇచ్చే గోళీలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పారాసిటమాల్. అది నొప్పిని కొంత తగ్గిస్తుంది, వాపును తగ్గించదు. రెండోది డైక్లోఫెనాక్. వాపునూ నొప్పినీ రెండింటినీ తగ్గిస్తుంది, అందుకే జనానికి ఇష్టం. అయితే అది కడుపు లోపలి పొరను దెబ్బతీసి పుండు చేయగలదు, మూత్రపిండాలకు రక్తం అందడాన్ని తగ్గించగలదు. అందుకే తక్కువ మోతాదు, తక్కువ రోజులు, తిన్న తరువాత అనే నియమం. ఎండలో ఒంట్లో నీరు తగ్గినవాళ్లకు, కొన్ని రకాల బీపీ గోళీలు వాడేవాళ్లకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

మల్లయ్య కురుమ. అరవై దాటిన మనిషి. నలభై గొర్రెలుండేవి. మెడ పక్కకు తిరగదు కాబట్టి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తంగా తిరిగి చూసేవాడు. మా దగ్గరే బీపీ గోళీలు కూడా తీసుకునేవాడు. 2018 మార్చిలో, సాగర్ కాలువ కింద యాసంగి కోతలైన మడుల్లో మేపుకోవడానికి మందను తోలుకుపోయే ముందు రోజు, చీటీ పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. డాక్టరమ్మ అయిదు రోజులకు డైక్లోఫెనాక్, దానితో కడుపులో పుండు పడకుండా ఇంకో గోళీ రాసింది.

"అయిదొద్దులకు నాకేమైతయి పటేలా. రెండు నెల్లు ఆడ్నే ఉంటం. గా ఊర్లల్ల నన్నెవలు ఎరుగుతరు?" అన్నాడు.

వెనక వరుసలో ఉన్న ఒక ఆడమనిషి ఊరుకోలేదు. "మెడ తిరగదు గని, గొర్రె తప్పిపోతె మాత్రం ఎనుకకు సుత కండ్లుంటయి గీయనకు. జర తొందరగ ఇచ్చి తోలుండ్రి, మా మోకాళ్లు సుత నొస్తున్నయి" అంది. వరుసంతా నవ్వింది. మల్లయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే, "మీ తాత కాడికి పోతె గింజలు దోసిట్ల పోసి పంపేటోడు. కొలిచి ఇచ్చుడు ఎర్కనే లేకుండె ఆయనకు" అన్నాడు.

అతడు నన్ను ఉబ్బించడానికి అన్నాడని నేను ఇప్పటికీ అనుకోను. చిన్నప్పుడు తన కళ్లతో చూసినదే చెప్పాడు. నేను మాత్రం అరలోంచి పన్నెండు షీట్లు తీసి కిటికీలోంచి ఇచ్చాను. నూట ఇరవై గోళీలు. రెండు నెలలకు రోజుకు రెండు. ఆ నెల స్టాకు మిగులు ఉంది. అడిగినవాడిని మా గడప నుంచి వట్టి చేతులతో పంపిన ఆనవాయితీ లేదు. అది మా గడప కాదని, ఆ గోళీలు గింజలు కావని ఆ నిమిషంలో నాకు తోచలేదు.

"తిన్నంక ఏసుకో" అన్నాను, అంతే. నీళ్లు బాగా తాగమని చెప్పలేదు. ఉచ్చ తగ్గినా, కాళ్లు ఉబ్బినా, దొడ్డికి నల్లగా వచ్చినా వెంటనే ఆపేయమని చెప్పలేదు. బీపీ గోళీ సంగతి చీటీ మీదే ఉంది, అదీ ఆలోచించలేదు. ఏప్రిల్, మే ఎండల్లో పొద్దంతా నడిచే మనిషికి అవన్నీ చెప్పి తీరాల్సిన మాటలు.

మే మూడో వారంలో మల్లయ్య తిరిగి వచ్చాడు. ఆ రోజు నేను మందులు తెప్పించే ఇండెంటు మీద సంతకం కోసం డాక్టరమ్మ గదిలో నిలబడి ఉన్నాను. మల్లయ్య ముఖం ఉబ్బి ఉంది. డాక్టరమ్మ అతని పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది. ఉచ్చ పొద్దుకొక్కసారి, అదీ కొంచెమే వస్తున్నదన్నాడు. నొప్పికి ఏమేం వాడావని ఆమె అడిగింది.

మల్లయ్య మనిషి మొత్తంగా నా వైపు తిరిగి ఒకసారి చూశాడు. మళ్లీ ఆమె వైపు తిరిగి, "సాగర్ కాడ దుకాణంల కొనుక్కున్న మేడమ్" అన్నాడు.

ఎన్ని అంటే, లెక్క లేదన్నాడు. ఆ దుకాణం గోళీలు ఇక ఒక్కటి కూడా ముట్టుకోవద్దని ఆమె గట్టిగా చెప్పింది. రక్తం తీయించి నల్లగొండకు పంపింది. మరునాడే పెద్ద దవాఖానకు పొమ్మని చీటీ రాసింది. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

ఎందుకు విప్పలేదో నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. మెమోకు భయపడి కాదు. నాకన్నా ముప్పై ఏళ్లు చిన్నదైన డాక్టరు ముందు, గుమ్మంలో జనం వింటుండగా, ఫలానా పటేలు మనుమడు రూలు తప్పి మందు పంచాడనే మాట నా నోటితో రావడం ఇష్టంలేక. మల్లయ్య నన్ను కాపాడుతున్నాడని నాకు తెలుసు. కాపాడనిచ్చాను.

రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. క్రియాటినిన్, అంటే మూత్రపిండాలు ఎంత పని చేస్తున్నాయో చెప్పే కొలత, ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది. ఆశా కార్యకర్తను ఇంటికి పంపితే, గొర్రెలను తమ్ముడికి అప్పజెప్పి పోతానన్నాడట. దానికి మొత్తం వారం పట్టింది. నల్లగొండలో చేరేసరికి ఉచ్చ పూర్తిగా ఆగిపోయింది. డయాలసిస్ మొదలుపెట్టారు. దాని మధ్యలో కడుపులో పుండు నుంచి రక్తం పోవడం మొదలైంది. జూన్ రెండో వారంలో మల్లయ్య చనిపోయాడు.

పదకొండో రోజు దినం అయ్యాక నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. అతని భార్య ఎల్లమ్మ గొర్రెల దొడ్డి పక్కన కూర్చుని ఉంది. ఆ గోళీలు ఇచ్చింది నేనే అని చెప్పాను.

"ఎర్కనే పటేలా" అంది. "ఆయననే చెప్పిండు. ఎవలకు చెప్పకు, పటేలు మాట పోతదన్నడు."

లోపలికి పోయి ఒక గుడ్డ మూట తెచ్చి నా ముందు విప్పింది. రెండు షీట్లు, ఇంకో షీటులో నాలుగు గోళీలు. వెనక ప్రభుత్వ సరఫరా, అమ్మరాదు అని అచ్చు స్పష్టంగా ఉంది. నడక ఎక్కువైన రోజు మూడు వేసుకునేవాడట, లేకపోతే ఒకటో రెండో. సాగర్ నుంచి వచ్చాక, నల్లగొండకు పోయేదాకా, ఆ వారమంతా కూడా రోజుకు రెండు వేసుకున్నాడని ఆమె చెప్పింది.

డాక్టరమ్మ ఆపమన్నది కదా అన్నాను.

"దుకాణం గోళీలు బంద్ చెయ్యమన్నది డాక్టరమ్మ. గివి మీరిచ్చినయి కద. వద్దనేటట్టుంటె పటేలు ఆడ్నే నిలబడి ఉండె, అనకపోవునా అన్నడు. మీరేం అనలేదట."

ఆమె నన్ను నిందించలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది.

మరునాడు ఆ మూట డాక్టరమ్మ బల్ల మీద పెట్టి, జరిగినది ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆమె చదివి, ఆ రోజు మీరు ఇక్కడే ఉన్నారు కదా అని అడిగింది. ఉన్నానన్నాను. ఆ కాగితాన్ని పైకి పంపింది. జిల్లా కార్యాలయం నుంచి మెమో వచ్చింది. జవాబులో సాకు రాయలేదు. ఆ వారం గోళీలు ఆగి ఉంటే మల్లయ్య బతికేవాడా అని నల్లగొండలో డయాలసిస్ చేసిన డాక్టరును తరువాత అడిగాను. చెప్పలేను, కొందరికి ఆపితే మూత్రపిండాలు తేరుకుంటాయి అన్నాడు. ఆ జవాబుతోనే ఉండవలసి వచ్చింది.

మిగిలిన రెండేళ్లు నొప్పి గోళీలు కిటికీలోంచి ఇవ్వలేదు. మనిషిని లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, ఇంట్లో ఉన్న గోళీలన్నీ, ఎవరిచ్చినవైనా సరే, సంచిలో తెమ్మని చెప్పాను. వాటిని బల్ల మీద పరిచి, ఏది ఆపాలో వేలు పెట్టి చూపించాను. నేను ఇచ్చినవి వాటిలో ఉంటే ముందు వాటినే చూపించాను. బీపీ ఉన్నదా, నీళ్లు ఎన్ని తాగుతావు, ఉచ్చ ఎట్లా వస్తున్నది అని అడిగాను. పటేలా అని పిలిచినవాళ్లను మరొకసారి అడిగాను. గౌరవం ఉన్నచోట రోగి మన తప్పును కూడా దాచిపెడతాడని నేర్చుకున్నాను కాబట్టి. మందు ఇచ్చినవాడు వద్దని చెప్పనంత కాలం రోగి దాన్ని వేసుకుంటూనే ఉంటాడు. ఇచ్చిన చెయ్యే ఆపమని కూడా చెప్పాలి.